లెక్కబిడ్డ

పసిదానికి ఊపిరి గుర్తు చెయ్యడానికి ఇస్తున్న మందు కాఫీ గింజలో ఉండేదేనని విన్నప్పుడు, అయిదు రోజులుగా నవ్వన్నది మరచిపోయిన వరహాలమ్మకి నవ్వొచ్చింది.

"ఇంతలేసి గుంటకి కాఫీయేటమ్మా? మా యింట్లో పెళ్ళీడొచ్చేదాకా ఆడపిల్లకి కాఫీ సుక్క ఇవ్వం!"

నర్సు కరుణ కూడా నవ్వింది. "కాఫీ కాదు మామ్మా, అందులోంచి తీసిన మందు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు మధ్యమధ్యలో ఊపిరి తియ్యడం మరచిపోతారు. ఈ మందు ఒంట్లో ఉంటే మరచిపోరు."

వరహాలమ్మ అద్దాల పెట్టెలోకి చూసింది. తన మనవరాలు. ఎనిమిది వందల నలభై గ్రాములు. కూతురు రత్నానికి ఆరో నెల దాటీ దాటకుండానే రక్తపోటు పెరిగి, తల్లి దక్కాలంటే బిడ్డని తియ్యాల్సిందేనన్నారు. తీశారు. రత్నం పై అంతస్తులో ఇంకా కళ్ళు తిరుగుతూ మంచం మీదే ఉంది. బిడ్డ ముఖం చూడలేదు. అల్లుడు గోవిందు చేపల రేవులో ఐసు ఫ్యాక్టరీలో పని చేసి, సాయంత్రాలు వచ్చి గాజు బయట నిలబడి వెళ్ళేవాడు. భీమిలి దారిలో ఉన్న ఆ పసిపిల్లల ఆసుపత్రిలో పగలంతా ఉండేది వరహాలమ్మే.

చిక్కేమిటంటే మందు ఉంది గానీ, అది లోపలికి వెళ్ళే దారి లేదు. పాలచుక్క వేసినా కడుపు ఉబ్బుతోంది, నోటితో ఇవ్వలేరు. సూదికి చేతుల్లో నరాలు అయిపోయాయి, కాళ్ళలో అయిపోయాయి. నెత్తి మీద దొరికిన ఆఖరి నరం ఆ పొద్దున్నే కమిలిపోయింది. అరచేతంత ఒంటి మీద వేపాకంత చోటైనా మిగలలేదు నలుపు లేకుండా.

అప్పుడు తీసుకొచ్చారు పట్టీని.

తెచ్చినావిడ డాక్టరు కాదు. పేరు లలితాంబిక. కాలేజీలో లెక్కలు చెప్పిన మనిషి, ఈ పట్టీ లెక్క కట్టిందీ ఆవిడే. అన్నం డబ్బా తెచ్చుకుని తినడం మరచిపోయి, సాయంత్రం అలాగే ఇంటికి పట్టుకుపోతుందని కరుణ వెక్కిరించేది. ఆవిడ పాప వీపు మీద, రెండు రెక్కల మధ్య, వేలి గోరు కన్నా కాస్త పెద్దదిగా ఉన్న మెత్తటి పట్టీ అంటించింది. పక్కనున్న తెర మీద ఒక బిడ్డ బొమ్మ గీతల్లో వెలిగింది.

"ఇదేటి తల్లీ?"

"మీ పాప లెక్క అమ్మా. మీది ఏ ఊరు? ఇల్లు డాబాయా, తాటాకా?"

"డాబా నిన్నగాక మొన్న. నాను పుట్టింది, పెరిగింది తాటాకింట్లోనే."

"అయితే మీకు తెలుసు. నెలలు నిండిన బిడ్డ చర్మం పది వరసలు కప్పిన ఇల్లు. వాన దిగదు. మీ పాపకి రెండే వరసలు పడ్డాయి. మందు పైన పెడితే చాలు, లోపలికి దిగుతుంది. అదే మంచి, అదే భయం. రోజుకో వరస పడుతూ ఉంటుంది కదా, నిన్న దిగినంత ఇవాళ దిగదు. అందుకే గంటగంటకీ ఎంత దిగుతోందో లెక్క కట్టాలి. ఈ పట్టీ ఆ లెక్క కట్టుకుంటూ మందుని వదులుతుంది."

"మరి ఈ బొమ్మ?"

"మందు వదిలే ముందు పట్టీ ఈ బొమ్మకిచ్చి చూస్తుంది. మీ పాపకున్నట్టే చర్మం, గుండె, రక్తం, అన్నీ అంకెలే. ఇంత ఇస్తే ఏమవుతుంది, అంతిస్తే ఏమవుతుంది అని వందల రకాలుగా చూసి, ఏది బావుంటే అదే మీ పాపకి. తక్కువైతే ఊపిరి ఆగేది ఆ బొమ్మకి. ఎక్కువైతే గుండె ఆగేది కూడా ఆ బొమ్మకే."

వరహాలమ్మ తెర దగ్గరికి జరిగింది. అయిదో తరగతితో బడి మానేసిన మనిషి. అయినా చెప్పినదాంట్లో తను పట్టుకోవలసింది పట్టుకుంది.

"అంటే అది సచ్చిపోతాదా?"

"లెక్కలో."

"ఇప్పటికి ఎన్నిసార్లు?"

లలితాంబికని ఇంతవరకు ఎవరూ ఆ మాట అడగలేదు. మీటలు నొక్కి చూసింది. "పదకొండు వందల నలభై మూడు."

"దానికి నొప్పుంటాదా తల్లీ?"

"అంకెలకి నొప్పి ఉండదమ్మా."

"ఉండదని నీకెలగ తెల్సు?"

"నాకు తెలిసినంతలో ఉండదు," అంది లలితాంబిక.

వరహాలమ్మ తెరకి రెండు చేతులూ జోడించింది. కరుణ మూతికి చెయ్యడ్డం పెట్టుకుంది గానీ, ఆవిడ పట్టించుకోలేదు. తన గుంట చావుని ఎవరో ముందు నిలబడి తీసుకుంటున్నారు. ఆ ఎవరో అంకె అయితేనేం, దండం పెట్టకుండా ఎలా ఊరుకుంటారు? ఆ రోజు నుంచి ఆవిడ నోట ఆ బొమ్మ లెక్కబిడ్డ అయింది. వారం తిరక్కుండానే వార్డులో అందరికీ అదే పేరైంది.

పట్టీ పెట్టిన మర్నాడు డాక్టరు ఇమ్మానుయేలు వరహాలమ్మని పిలిచి, బిడ్డకి ఒంటి వేడి తగలాలన్నాడు. తల్లి లేవలేదు కాబట్టి అమ్మమ్మ గుండెల మీద, రోజూ పది నుంచి పదకొండు దాకా. స్నానం చేసి రావాలి. చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి. బిడ్డకి పౌడరు, కాటుక, బొట్టు ఏవీ పెట్టకూడదు.

అన్నీ ఒప్పుకుంది, అన్నీ పాటించింది. అరచేతిలో పట్టేంత ప్రాణం తన రొమ్ముల మధ్య ముడుచుకుని పడుకుంటే, అరవై ఏళ్ళలో దేవుణ్ణి అడిగినవన్నీ ఒక్కసారిగా ఇచ్చేసినట్టు అనిపించి కళ్ళు మూసుకునేది.

ఒక్కటి మాత్రం తనకు తాను ఒప్పుకోకుండా చేసింది.

ఇంట్లో నూకాలమ్మ పటం ముందు ఆవిడ వెలిగించేది ఆముదం దీపం. వాళ్ళమ్మ కూడా అంతే. ఆ ప్రమిదలో మిగిలిన ఆముదం పుట్టిన ప్రతి బిడ్డకీ మాడున పెట్టేవారు. రత్నానికి పెట్టింది, రత్నం అన్నకి పెట్టింది. మాడున చుక్క అద్ది, వేలికి మిగిలిన తడిని వీపు గాడి వెంట నడుము దాకా దువ్వితే బిడ్డ నడుం గట్టిపడుతుందని చెప్పుకునేవారు. దీపం నూనెని కుంకుమ భరిణెలో పోసి, బొడ్లో దోపుకుని తెచ్చుకునేది. కరుణ అటు తిరగ్గానే ఒక చుక్క మాడున, మిగిలిన తడి వీపు కిందికి. పౌడరు వద్దన్నారు, కాటుక వద్దన్నారు. అమ్మవారి ప్రసాదం వద్దని ఎవరన్నారు?

మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజు గుండె కాస్త వేగంగా కొట్టుకుంది. మూడో రోజు ఇంకొంచెం. నాలుగో రోజు మధ్యాహ్నం అద్దాల పెట్టె పక్కనున్న యంత్రం కూత పెట్టడం మొదలుపెట్టి ఆపలేదు. పాప కాళ్ళూ చేతులూ చిన్నగా వణుకుతున్నాయి.

డాక్టరు పరుగున వచ్చాడు. వెనకే లలితాంబిక. తెర మీద లెక్కబిడ్డ గుండె నూట యాభై దగ్గర ప్రశాంతంగా ఉంది. అసలు బిడ్డది రెండొందలకు చేరువలో ఉంది.

"ఏమిటండీ ఇది? మీ లెక్క ఒకటి చెప్తోంది, రక్తం ఇంకోటి చెప్తోంది," అన్నాడు ఇమ్మానుయేలు. గొంతు పెంచలేదు. పెంచినా బావుండేది.

"పట్టీ మందు ఆపేసింది సార్. అయినా చర్మంలోంచి దిగుతోంది. దిగకూడదు." లలితాంబిక ముఖం పాలిపోయింది. "నాలుగు రోజులూ ఇంతే. పదకొండు దాటాక ఒక మెట్టు. మళ్ళీ మర్నాడు పదకొండు దాటాక ఇంకో మెట్టు. పట్టీ పెట్టిన మిగతా నలుగురు పిల్లల్లో ఇద్దరికి కూడా కాస్త తేడా ఉంది. ఎక్కడో నా లెక్కే తప్పు."

"ఎక్కడో తెలీకుండా నేను పిల్లల మీద ఉంచలేను. ఇవాళ్టికి పట్టీ మూసే ఉంచండి. రేపు పదింటికి సర్జన్ గారొస్తారు. అయిదుగురికీ పట్టీలు తీసేసి, మెడ దగ్గర కోసి నరం పట్టుకుందాం."

"ఈ తూకానికి కోతా సార్?"

"ఇంకో దారి చూపించండి. ఉంచుతాను."

లలితాంబిక మళ్ళీ తెర ముందు కూర్చుని అంకెలు మొదటి నుంచి చూడసాగింది.

గాజు గోడకి ఇవతల బల్ల మీద కూర్చున్న వరహాలమ్మ చెవిలో ఒక్క మాటే నిలిచిపోయింది. పదకొండు దాటాక. బొడ్లో భరిణె నిప్పులా తగిలింది.

సాయంత్రం గోవిందు వచ్చేసరికి ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉంది. అంతా చెప్పింది. గోవిందు ఐసు గడ్డల చల్లదనానికి పగిలిన చేతులు రెండూ తల మీద పెట్టుకున్నాడు.

"ఎవురికీ సెప్పకత్తా. తెలిస్తే నిన్ను లోపలికి రానివ్వరు. పోలీసుల్ని పిలిసినా పిలుత్తారు. రేపట్నించి రాయడం మానీ, అంతే."

"మానెత్తే మన గుంటకి తగ్గుతాది. మరి పొద్దున్న పదింటికి కోత్తారు కదా అల్లుడా? ఆ లెక్కలమ్మ తన లెక్కే తప్పనుకుంటన్నాది. మిగతా నలుగురు పిల్లల మాటేటి?"

"ఆల్ల గురించి ఆల్లు సూసుకుంటారు."

"మన గుంటగురించి ఎవురు సూత్తన్నారు మరి?" అంది వరహాలమ్మ.

పొద్దున్నే స్నానం చేసి దీపం ముందు కూర్చుంది. అమ్మా, నీ నూనె బిడ్డకి చెరుపు చేస్తుందా? అడిగింది. పటంలో అమ్మవారు ఎప్పట్లాగే చూస్తోంది. చెరుపు నూనెలో ఉందా, అడక్కుండా దాచి రాసిన చేతిలో ఉందా? ఆ మాటకి జవాబు తనకే తట్టింది. భరిణె తీసుకుని, ఈసారి బొడ్లో దోపుకోకుండా గుప్పిట్లో పట్టుకుని బస్సెక్కింది.

తొమ్మిదిన్నరకి సర్జను ఇంకా రాలేదు. డాక్టరు, లలితాంబిక, కరుణ పెట్టె దగ్గరే ఉన్నారు. వరహాలమ్మ వెళ్ళి భరిణె బల్ల మీద పెట్టింది.

"బాబూ, ఆయమ్మ లెక్క తప్పు కాదు. నాను దీపంలో ఆముదం తెచ్చి రోజూ మాడున ఎట్టినాను. మిగిలింది ఈపుకి రాసినాను. నాలుగు రోజులు."

కరుణ "మామ్మా!" అని నోరు నొక్కుకుంది. ఇమ్మానుయేలు ముఖం ఎర్రబడింది.

"ఏం పెట్టొద్దని చెప్పలేదా అమ్మా? ఎంతమంది ప్రాణాలతో..." అని సగంలో ఆగిపోయాడు.

లలితాంబిక మాత్రం భరిణె మూత తీసి వాసన చూసింది. ఆవిడ కళ్ళలో కోపం లేదు. దాహం వేసినవాడికి నీళ్ళు కనపడ్డట్టు ఉంది.

"ఎంత రాశారమ్మా? ఏ వేలితో? ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా? నా చేతి మీద రాసి చూపించండి."

వరహాలమ్మ ఉంగరపు వేలిని నూనెలో ముంచి, ఆవిడ ముంజేతి మీద సన్నగా గీత గీసింది.

"పట్టీ అంచు కిందికి దిగి ఉంటుంది," అంది లలితాంబిక, తనలో తాను. "ఆముదం చర్మంలో ఉన్న కొవ్వుని వదులు చేస్తుంది సార్. తాటాకుల్ని పక్కకి జరిపినట్టు. నేను కప్పు గురించి లెక్క కట్టాను గానీ, దాని మీద చెయ్యి పెట్టేవాళ్ళుంటారని కట్టలేదు." తెర ముందు కూర్చుని అంకెలు వెయ్యడం మొదలుపెట్టింది. "రాసిన నూనె ఇంత. రోజూ పదిన్నరకి. ఇప్పుడు లెక్కబిడ్డకి కూడా రాస్తున్నా."

నాలుగు రోజులు నాలుగు క్షణాల్లో నడిచాయి. తెర మీద గీత మొదటి మెట్టు ఎక్కింది. రెండోది. మూడోది. నాలుగోది ఎక్కేసరికి లెక్కబిడ్డ గుండె అసలు బిడ్డ గుండె పక్కన వచ్చి నిలబడింది. వెంట్రుకవాసి తేడా లేదు.

ఇమ్మానుయేలు కరుణ వైపు తిరిగాడు. "సర్జన్ గారికి ఫోన్ చెయ్యి కరుణా. అవసరం లేదని చెప్పు."

"తల్లీ," అంది వరహాలమ్మ. "ఇయ్యాల కూడా రాసుంటే?"

"వద్దమ్మా."

"సూపించు. నాకు తెలియాల."

లలితాంబిక డాక్టరు వంక చూసింది. ఆయన తల ఊపాడు. అయిదో రోజు నడిచింది. గీత ఇంకో మెట్టు ఎక్కింది, కాసేపు చిందరవందరగా గెంతింది, తర్వాత పడుకుండిపోయింది. బొమ్మలో వెలుగు ఆరింది. ఎక్కడా చప్పుడు లేదు.

తన వేలే. వేరే ఎవరిదీ కాదు. ప్రేమగా పెట్టిన వేలు. వరహాలమ్మ గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది.

లలితాంబిక వచ్చి పక్కన నేల మీదే కూర్చుంది. "అది లెక్కలోనే జరిగిందమ్మా. అక్కడే ఆగిపోయింది. ఇటు రాలేదు."

"రానివ్వనేదు," అంది వరహాలమ్మ, ముక్కు తుడుచుకుంటూ. "అడ్డుపడ్డాది."

కరుణ పాప వీపుని శుభ్రంగా తుడిచింది. కొత్త పట్టీ పొట్ట మీద అంటించారు. డాక్టరు మిగతా నలుగురి ఇళ్ళవాళ్ళనీ పిలిచి, ఎవరేం రాస్తున్నారో చెప్పమన్నాడు. ముందు ఎవరూ తల ఎత్తలేదు. వరహాలమ్మ మధ్యలో నిలబడి, "నాను సెప్పినాను, నన్నేటీ కొరికెయ్యనేదు. సెప్పండే!" అని గదిమాక, ఒకావిడ కొబ్బరినూనె అంది, ఇంకో ఆవిడ వెన్న అంది. ఆ ఇద్దరి బిడ్డలకే లెక్కలో తేడా వచ్చింది.

శిక్ష లేకపోలేదు. మూడు రోజులు బిడ్డని ఎత్తుకోకూడదన్నాడు ఇమ్మానుయేలు. ఆ మూడు రోజులూ పదింటికి వచ్చి, గాజుకి ఇవతల కూర్చుని పదకొండుకి లేచేది. రెండో రోజుకి పాప గుండె నూట యాభైకి దిగింది. నాలుగో రోజు గోవిందు రత్నాన్ని చక్రాల కుర్చీలో కిందికి తెచ్చాడు. ఆ గంట తల్లికి దక్కింది. తను చేసినదంతా కూతురికి వరహాలమ్మే చెప్పింది. రత్నం వినీ వినగానే బిడ్డని గుండెకి ఇంకా దగ్గరగా లాక్కుంది. ఒక పూటంతా తల్లితో మాట్లాడలేదు. మర్నాడు మాత్రం, "అమ్మా, నాకు కూడా ఎట్టినావు కదా ఆ నూనె?" అంది.

"ఎట్టినాను."

"నానేటీ సావనేదు కదే."

"నీకు పది వరసలుండీయే," అంది వరహాలమ్మ. ఇద్దరూ ఏడుస్తూ నవ్వుకున్నారు.

లలితాంబిక తన లెక్కలో ఒక కొత్త వరస చేర్చింది. బయటి నుంచి ఏదైనా రాస్తే చర్మం ఎంత వదులవుతుందో చెప్పే వరస. దానికో పేరు పెట్టాలి. ఆవిడ పెట్టిన పేరు తెర మీద తెలుగులోనే కనిపించేది: వరహాలమ్మ చెయ్యి. చూసిన రోజున వరహాలమ్మ సిగ్గుతో ముఖం కొంగులో దాచుకుంది. "తప్పు సేసిన సెయ్యికి పేరెడతారేటమ్మా ఎవురైనా!"

"తప్పు చేసిన చెయ్యి కాదమ్మా. తెచ్చి బల్ల మీద పెట్టిన చెయ్యి."

అరవై మూడో రోజున పాప పాలు తాగుతూ, తనంతట తను ఊపిరి తీసుకుంటూ, పద్దెనిమిది వందల గ్రాముల బరువుతో ఇంటికి బయల్దేరింది. పట్టీతో పని తీరి అప్పటికి పది రోజులు దాటింది. ఇంటికెళ్ళేదాకా లెక్కబిడ్డని మాత్రం నడుపుతూనే ఉన్నారు, ఒక కంట కనిపెట్టడానికి. రత్నం పసుపు రంగు తువ్వాల్లో బిడ్డని చుట్టింది. గోవిందు బయట ఆటో పిలుస్తున్నాడు. వరహాలమ్మ మాత్రం లలితాంబిక దగ్గరికి వెళ్ళింది.

"ఇప్పుడు దీన్నేటి సేత్తారు?"

"ఆపేస్తామమ్మా. మీ పాప వెళ్ళిపోయాక దీనికి పని ఉండదు."

"మొత్తం ఎన్నిసార్లయ్యింది?"

లలితాంబిక ఈసారి మీటలు నొక్కలేదు. ఆవిడకి తెలుసు. వరహాలమ్మ అడుగుతుందని పొద్దున్నే చూసి పెట్టుకుంది. "రెండు లక్షల పన్నెండు వేల పైన."

వరహాలమ్మ పెదాలు కదిలాయి. అన్నిసార్లు ఎవరికి దండం పెట్టగలం?

"ఊరికే పోదమ్మా," అంది లలితాంబిక. "మొదట్లో ఈ లెక్క నేర్చుకున్నది దక్కని పిల్లల దగ్గర. ఇద్దరు. వాళ్ళ తల్లుల్ని ఇప్పటికీ చూడ్డానికి వెళ్తుంటాను. ఇది నేర్చుకున్నదంతా కూడా అలాగే ఉంటుంది. రేపు ఇంకో బిడ్డ వస్తే, ఆ బిడ్డ లెక్క ఇక్కణ్ణుంచే మొదలవుతుంది."

"అయితే మల్లీ పుడతాదన్నమాట."

"అలా అని నేను చెప్పలేనమ్మా."

"నువ్వు సెప్పకు. నాను అనుకుంటాన్లే." కొంగుతో చేతులు తుడుచుకుంది. కుళాయి దగ్గరకెళ్ళి మోచేతుల దాకా కడుక్కుని, మళ్ళీ తుడుచుకుని వచ్చింది. "ఒక్కసారి ముట్టుకోవచ్చా?"

లలితాంబిక పక్కకి జరిగింది. తెర మీద గీతల బిడ్డ ముడుచుకుని నిద్రపోతున్నట్టుంది. గుండె దగ్గర చిన్న వెలుగు కొట్టుకుంటోంది. వెనక రత్నం ఒడిలో అసలుది ఆవలించింది. వరహాలమ్మ ఉంగరపు వేలు చాచింది. నూనె లేదు, తడి లేదు. ఆ పొడి వేలిని బొమ్మ మాడు మీద ఆనించి, మెల్లిగా వీపు గాడి వెంట నడుము దాకా దువ్వింది. ఏమీ తొందరపడలేదు. మళ్ళీ ఒకసారి మాడు నుంచి మొదలుపెట్టింది.

ఆపే మీట మీద చెయ్యి పెట్టి, ఆవిడ వేలు తీసేదాకా లలితాంబిక ఆగింది.